కొత్తగా తెచ్చుకున్న అమెజాన్ ట్రీ బోవాను ఇంటికి అలవాటు చేయడం, తిండి మొదలుపెట్టించడం: మొదటి మూడు నెలల మార్గదర్శి

చెట్ల మీదే బతికే పాముల్లో పెంపకందారుల ఇళ్ళకు ఎక్కువగా చేరేవాటిలో అమెజాన్ ట్రీ బోవా ఒకటి. 1758లో లినేయస్ మొదటిసారి వర్ణించిన ఈ జాతిని శాస్త్రవేత్తలు ఇప్పుడు కొరాలస్ హార్టులానా అని పిలుస్తున్నారు. కొలంబియా, వెనెజ్వెలాల దక్షిణ ప్రాంతాల నుంచి గయానా, సురినామ్, బ్రెజిల్, పెరూ, బొలీవియాల దాకా నదీతీరాల చెట్లలో, తోటల అంచుల్లో ఇది కనిపిస్తుంది. పెద్దయ్యాక నాలుగు నుంచి ఆరు అడుగుల పొడవు వస్తుంది కానీ పొడవుకు తగిన లావు ఉండదు. ఒళ్ళు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా, తల వెడల్పుగా, మెడ మరీ సన్నగా ఉంటాయి. బూడిద, గోధుమ రంగుల్లో ఉండేవి కొన్నయితే, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉండేవి మరికొన్ని. ఒకే కాన్పులో రెండు రకాల పిల్లలూ పుట్టవచ్చు.

ఈ పాము తినడం లేదని వాపోయే వారిలో చాలామంది ఎలుకను మారుస్తారు, వాసన మారుస్తారు, తినిపించే వేళ మారుస్తారు, కానీ కొమ్మను మాత్రం మార్చరు. నిజానికి ట్రీ బోవా తిండి సమస్య చాలాసార్లు కొమ్మ దగ్గరే మొదలవుతుంది. ఒళ్ళంతా ఆనించి చుట్టుకోవడానికి తగిన కొమ్మ, పైన వెచ్చదనం, చుట్టూ కాస్త చాటు దొరికితే ఈ జాతి తిండికి వెనుకాడడం అరుదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎలుక దగ్గరికి రావడానికి కొంత సమయం పడుతుంది.

కాగితాలు, అమ్మేవారిని అడగవలసిన ప్రశ్నలు

బోవా కుటుంబంలోని పాములన్నీ సైటిస్ (ముప్పున్న జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందపు అనుబంధాల్లో ఉన్నాయి. భారతదేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ఒప్పందపు జాతులను నాలుగో షెడ్యూలులో చేర్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని ఉంచుకున్నవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ వద్ద నమోదు చేయించుకోవాలి. కనుక హైదరాబాదులోనో విజయవాడలోనో కాగితాలు లేకుండా చేతికందే పామును ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. మన నేల మీది బోవా అయిన రెండు తలల పాముతో సహా స్వదేశీ పాములేవీ పెంపుడు జంతువులు కావు; వాటిని పట్టడం, ఉంచుకోవడం నేరం. అమెరికాలో ఉన్న మనవారు తమ రాష్ట్రం, నగరం, అపార్ట్‌మెంట్ మూడింటి నియమాలూ చూసుకోవాలి. హవాయిలోనైతే ఏ పామునూ పెంచడానికి వీల్లేదు.

అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న, ఇది పెంపకంలో పుట్టిందా, అడవిలో పట్టిందా అని. గయానా, సురినామ్‌ల నుంచి అడవిలో పట్టిన ట్రీ బోవాలు ఇప్పటికీ ఎగుమతి అవుతూనే ఉన్నాయి. అవి చవకే కానీ పురుగులతో, ప్రయాణపు దాహంతో, మూతి గాయాలతో వస్తాయి. మొదటిసారి పెంచేవారు రెట్టింపు ధర పెట్టయినా పెంపకంలో పుట్టినదాన్నే తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. చివరిసారి ఏ రోజు తిన్నది, ఏ సైజు ఎలుక, బతికున్నదా గడ్డకట్టించి అమ్మే ఫ్రోజెన్‌దా, పగలా రాత్రా, పట్టకారుతో అందించారా పెట్టెలో వదిలేశారా, కుబుసం ఎప్పుడు విడిచింది, మలం ఎప్పుడు వేసింది అన్నవన్నీ అడిగి రాసుకోవాలి. వీలైతే అది తింటున్న వీడియో ఒకటి అడగాలి. ఈ జవాబులే రేపు మీకు ఆధారం, ఎందుకంటే మొదటి రెండు మూడు పూటలు ఆ పాత పద్ధతినే అచ్చంగా పాటించాలి.

ఇంట్లోవారి అంగీకారం కూడా కాగితం లాంటిదే. శాకాహారుల ఇంట్లో ఫ్రిజ్ పై అరలో ఎలుకల పొట్లం ఉందని పండగ పూట తెలియడం కంటే, ముందే మాట్లాడి చిన్న ఫ్రీజర్ ఒకటి విడిగా కొనుక్కోవడం అందరికీ సుఖం.

పామును తెచ్చే ముందే పెట్టె సిద్ధం కావాలి

పాము చేరడానికి కనీసం వారం ముందే పెట్టెను నడిపి, ఉష్ణోగ్రత, తేమ రాత్రింబవళ్ళు ఎలా మారుతున్నాయో చూసుకోవాలి. పెద్ద పాముకు సుమారు మూడడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు ఉన్న పీవీసీ పెట్టె సరిపోతుంది. పిల్లను మాత్రం అంత పెద్దదాంట్లో వేయకూడదు. కొమ్మలు అమర్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో అది త్వరగా కుదుటపడుతుంది, తిండి కూడా సులువుగా దొరుకుతుంది. తలుపు ముందువైపు ఉంటే మేలు. చెట్టు పాముకు పైనుంచి దిగే చెయ్యి గద్దలాగే కనిపిస్తుంది.

కొమ్మ పాము ఒంటి మధ్యభాగం అంత లావు ఉంటే చాలు. అంతకు రెట్టింపు లావు ఉంటే పట్టు చిక్కదు, మరీ సన్నదైతే బరువుకు వంగి ఊగుతుంది. కొమ్మలను అడ్డంగా, కదలకుండా, రెండు మూడు ఎత్తుల్లో అమర్చాలి. పైకొమ్మకూ వేడి పరికరానికీ మధ్య జానెడు దూరమైనా ఉండాలి. కొమ్మలను పెట్టెకు శాశ్వతంగా బిగించకుండా, రెండు చివర్లా కొక్కేల మీద ఆనించి, కావలసినప్పుడు పాముతో సహా ఎత్తి తీసేలా చేసుకుంటే శుభ్రం చేయడం, తూకం వేయడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం అన్నీ తేలికవుతాయి. పామును కొమ్మ నుంచి విడదీయబోతే అది మరింత బిగించి పట్టుకుంటుంది, లాగితే దాని తోకకో వెన్నుకో దెబ్బ తగులుతుంది. కొమ్మల్లో కనీసం ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ ఆకులు దట్టంగా కట్టాలి. పాము మీకు కనిపించకపోయినా సరే, ఆ చాటు దానికి ఉండాల్సిందే.

వేడి పైనుంచే రావాలి. రేడియంట్ హీట్ ప్యానెల్ గానీ, చుట్టూ జాలీ బిగించిన సెరామిక్ హీటర్ గానీ వాడవచ్చు. ఏది వాడినా థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే పరికరం) లేకుండా వెలిగించకూడదు. నేల కింద పరిచే హీట్ మ్యాట్ అరుదుగా నేలకు దిగే పాముకు పనికిరాదు. వెచ్చటి వైపు పైకొమ్మ దగ్గర పగటిపూట 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 24 నుంచి 26 ఉండేలా చూడాలి. రాత్రి మొత్తం మీద రెండు మూడు డిగ్రీలు తగ్గినా ఫర్వాలేదు. హైదరాబాదు లాంటి చోట్ల అసలు ప్రమాదం చలి కాదు, ఏప్రిల్, మే నెలల ఎండ. మూసిన గదిలో ఉష్ణోగ్రత 35 దాటితే హీటర్ ఆపినా లాభం ఉండదు, కాబట్టి కరెంటు పోయిన మధ్యాహ్నం ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. థర్మామీటరును గోడకు కాక, పాము పడుకునే కొమ్మ ఎత్తులోనే పెట్టాలి.

అడుగున మొదటి మూడు నెలలూ తెల్లటి పేపర్ టవల్ తప్ప ఏమీ వేయవద్దు. చూడటానికి బాగుండదన్న మాట నిజమే కానీ మలం రంగు, నల్లటి పేల చుక్కలు, కక్కిన ఆనవాలు, ముక్కు నుంచి కారిన జిగురు అన్నీ దాని మీదే తెలుస్తాయి.

మొదటి వారం

పెట్టెలో వదిలిన క్షణం నుంచి కనీసం ఏడు రోజులు పామును ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు, ఫొటోల కోసం ఆకులు తొలగించకూడదు. రోజూ నీళ్ళు మార్చడం, సాయంత్రం తుంపర చల్లడం, మలం కనిపిస్తే ఆ కాగితం తీసేయడం తప్ప మరో పని లేదు. పెట్టెకు మూడు వైపులా నల్లటి కాగితం అతికిస్తే బెదురు తగ్గుతుంది. టీవీ పక్కన, జనం తిరిగే దారిలో పెట్టకూడదు.

ఈ వారంలో చూడవలసింది రాత్రి ప్రవర్తన. పగలంతా కొమ్మ మీద చుట్టుకుని కదలని పాము, దీపాలు ఆర్పిన గంటా రెండు గంటల తర్వాత విప్పుకుని, తోకతో కొమ్మను పట్టుకుని, తలను కిందికి వేలాడదీసి నాలుక ఆడిస్తూ ఉంటే అది కుదుటపడినట్టే. ఈ జాతి కళ్ళు టార్చి వెలుతురులో నిప్పుకణికల్లా మెరుస్తాయి. అడవిలో పరిశోధకులు రాత్రిపూట వీటిని వెతికి పట్టుకునేది ఆ మెరుపును బట్టే. అయితే ఇంట్లో టార్చిని దాని ముఖం మీద వేయకండి, దూరం నుంచి మసక ఎర్రదీపంతో చూస్తే చాలు. రాత్రంతా గాజుకు మూతి రాస్తూ తిరుగుతున్నా, పగలు కూడా నేల మీదే పడి ఉన్నా ఏదో నచ్చలేదని అర్థం. ముందు వేడిని, తర్వాత కొమ్మలను, ఆ తర్వాత చాటును వరసగా సరిచూసుకోవాలి.

మొదటి పూట

ఎలుక లావు పాము ఒంటి మధ్యభాగపు లావును మించకూడదు. మొదటి పూటకు అంతకన్నా ఒక సైజు చిన్నదే ఎంచుకోవాలి. ఈ బోవాలకు పెద్ద తల చూసి పెద్ద ఎలుక పెట్టడం పెంపకందారులు తరచుగా చేసే పొరపాటు. పాము బరువులో పదో వంతు దాటని తిండి క్షేమం. పిల్లలకు ఏడు నుంచి పది రోజులకు ఒకసారి, పెద్దవాటికి రెండు మూడు వారాలకు ఒకసారి పెడితే సరిపోతుంది. దీని దగ్గరి బంధువైన ఎమరాల్డ్ ట్రీ బోవా మరీ నెమ్మదైన జీవి కనుక, పెద్దదానికి మూడు నాలుగు వారాలకు ఒక పూట చాలు. అమెజాన్ బోవా లెక్కను దానికి వర్తింపజేస్తే కక్కుళ్ళు మొదలవుతాయి.

బతికున్న ఎలుకను పెట్టవద్దు. అది పామును కొరికి గాయపరచగలదు, పైగా ఎలుకకూ అది క్రూరమే. ఇంట్లో బోనులో పడిన ఎలుకలు అసలే వద్దు, వాటి కడుపులో ఎలుకల మందు ఉండవచ్చు. ఫ్రోజెన్ ఎలుకను ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, గట్టిదనమంతా పోయేదాకా కరగనివ్వాలి. పెట్టే ముందు ప్లాస్టిక్ సంచిలో ఉంచి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళలో పావుగంట వేయాలి. మైక్రోవేవ్ వాడితే లోపల ఉడికి, బయట చల్లగా మిగిలి, పొట్ట పగిలిపోతుంది. కడుపు భాగం నొక్కితే లోపల ఎక్కడా గడ్డ తగలకూడదు. బయటికి తీశాక కాగితంతో తడి ఒత్తేసి, తలభాగాన్ని మళ్ళీ కాస్త వెచ్చబెట్టాలి.

ఆ వెచ్చదనం ఎందుకో తెలిస్తే మిగతాది సులువు. ట్రీ బోవా పెదవుల పొలుసుల మధ్య లోతైన గుంటలు వరసగా ఉంటాయి. అవి వేడిని పసిగట్టే అవయవాలు. చీకట్లో పక్షినైనా గబ్బిలాన్నైనా ఎలుకనైనా అది చుట్టుపక్కల గాలికంటే వెచ్చగా కనిపించే ఆకారంగా గుర్తించి కొడుతుంది. అందువల్ల గది చల్లగా, ఎలుక తల వెచ్చగా ఉన్నప్పుడే తేడా స్పష్టంగా తెలుస్తుంది. హీటర్ కిందనే ఎలుకను ఊపితే పాముకు గురి కుదరదు.

దీపాలు ఆర్పిన గంట తర్వాత, గదిలో మసక వెలుతురు మాత్రం ఉంచి, కనీసం అడుగున్నర పొడవున్న పట్టకారుతో ఎలుకను నడుము దగ్గర పట్టుకుని, తల ముందుకు ఉండేలా, పాముకు కొద్దిగా కిందుగా, జానెడు దూరంలో చూపించాలి. ముఖం మీదికి తోయకూడదు. చిన్నగా రెండుసార్లు కదిపి ఆపాలి. ఆసక్తి కలిగితే పాము నాలుక కదలిక నెమ్మదిస్తుంది, మెడ ఎస్ ఆకారంలోకి మడుచుకుంటుంది, తల ఎలుక కదిలిన వైపే తిరుగుతుంది. ఆ తర్వాత దెబ్బ కంటికి అందదు. కొట్టగానే పట్టకారు వదిలేయాలి, గుంజకూడదు. పాము ఎలుకను రెండు మూడు చుట్లలో బిగించి, తలకిందులుగా వేలాడుతూనే, తల భాగం వెతుక్కుని మింగడం మొదలుపెడుతుంది. కొన్నిసార్లు పావుగంట పాటు ఊరకే పట్టుకుని వేలాడుతుంది. ఆ సమయంలో తలుపు మెల్లగా మూసి, మీరు గది బయటికి వెళ్ళిపోవడమే సరైన పని. మీరు కదిలితే అది ఎలుకను వదిలేయవచ్చు.

కొట్టి, వదిలేసి, మళ్ళీ చూడకపోతే ఎలుకను కింది కొమ్మ మీద ఆనించి ఉదయం దాకా ఉంచవచ్చు. తెల్లవారాక తీసి పారేయాలి, తిరిగి ఫ్రీజరులో పెట్టకూడదు. తిన్న తర్వాత మూడు రోజులు ముట్టుకోవడం, పెట్టె కదపడం, లోపల కొమ్మలు సర్దడం పనికిరావు.

తినకపోతే

పెద్ద పాము రెండు మూడు వారాలు తినకపోయినా ఆందోళన అక్కరలేదు. వారానికి ఒకసారికి మించి ప్రయత్నించకూడదు. రోజూ ఎలుక చూపిస్తే అది ఎలుకను బెదిరింపుగా నేర్చుకుంటుంది. కళ్ళు పాలనీలంగా మసకబారితే కుబుసం విడవబోతున్నట్టు లెక్క, అప్పుడు ఎలుక చూపించనే వద్దు. మిగతా వేళల్లో ఒక్కో పూటకు ఒక్కటే మార్చి చూడాలి: ముందు ఇంకా చిన్న ఎలుక, తర్వాత ఇంకాస్త ఆలస్యపు వేళ, ఆ తర్వాత పట్టకారు లేకుండా కొమ్మ మీద వదిలేయడం. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పుట్టి కొన్ని వారాలే అయిన పిల్లల సంగతి వేరు. అడవిలో అవి ఎక్కువగా తినేది బల్లుల్ని, కప్పల్ని. గులాబిరంగు ఎలుక పిల్ల వాటికి తిండిగా తోచకపోవచ్చు. గోడ మీది బల్లిని పట్టి వేద్దామన్న ఆలోచన మన ఇళ్ళలో వెంటనే వస్తుంది. బల్లుల కడుపులోని పురుగులు పాముకు చేరతాయి కనుక అది మానుకోవాలి. దానికి బదులు ఎలుక పిల్లను సబ్బు లేని నీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఫ్రోజెన్ కోడిపిల్ల నూగును ముక్కు దగ్గర అంటించి చూపిస్తే చాలా పిల్లలు కొడతాయి. అప్పుడూ కుదరకపోతే కొంచెం చిరాకు పెట్టే పద్ధతి ఉంది: పట్టకారుతో ఎలుకను తోక వైపు ఒంటికి మెల్లగా తాకిస్తే కోపంతో కొట్టి, పట్టుకున్నది తిండి అని గ్రహించి మింగేస్తుంది. బలవంతంగా నోట్లో కుక్కడం మాత్రం సరీసృపాల డాక్టరు చేయవలసిన పని, మనది కాదు.

నిర్ణయాలకు ఆధారం తూకమే కావాలి. కొమ్మ బరువు ముందే రాసుకుని, పాముతో కలిపి గ్రాముల తక్కెడ మీద పెడితే తేడా తెలిసిపోతుంది. పెద్దపాము బరువు పదో వంతు తగ్గినా, పిల్ల అయిదారు వారాలు ఏమీ తినకపోయినా డాక్టరును చూడాలి. పాలు పట్టమని సలహా ఇచ్చే బంధువులు తప్పక దొరుకుతారు. నాగుల చవితి సంగతి ఎలా ఉన్నా పాము ఒంటికి పాలు పడవు.

కక్కితే

తినకపోవడం కంటే కక్కడం చాలా తీవ్రమైన విషయం. కడుపులోని ఆమ్లం గొంతును కాలుస్తుంది, జీర్ణానికి తోడ్పడే సూక్ష్మజీవులు, ఒంట్లో నీరు పోతాయి. జాలిపడి మర్నాడే మళ్ళీ పెడితే రెండోసారి కక్కుతుంది, మూడోసారికి పాము దక్కకపోవచ్చు. కక్కిన రోజు నుంచి కనీసం రెండు వారాలు తిండి ఆపి, నీళ్ళు మాత్రం ధారాళంగా అందించాలి. ఎమరాల్డ్ అయితే నాలుగు వారాలు ఆగాలి. తర్వాత పెట్టే మొదటి పూట మామూలు ఎలుకలో సగం సైజు ఉండాలి, ఆ తర్వాతి రెండు పూటలూ అంతే. కారణాల్లో ముందుగా అనుమానించాల్సినవి పెద్ద ఎలుక, చల్లటి పెట్టె, తిన్న వెంటనే ముట్టుకోవడం, దాహం. ఇవేవీ కాకుండా రెండోసారి కక్కితే, కక్కినదాన్నీ మలాన్నీ డాక్టరు దగ్గర పరీక్ష చేయించాలి. క్రిప్టోస్పోరిడియం, అమీబా లాంటి పరాన్నజీవులు కంటికి కనిపించవు.

నీళ్ళు, తేమ, కుబుసం

ట్రీ బోవాలు చాలావరకు గిన్నె దగ్గరికి దిగి తాగవు. సాయంత్రం తుంపర చల్లినప్పుడు తమ చుట్ల మడతల్లో నిలిచిన బొట్లను ఒక్కొక్కటిగా నాకి తాగుతాయి. చుట్ల పైభాగం మీద పడేలా నులివెచ్చటి నీటి తుంపరను రెండు మూడు నిమిషాలు పట్టించి ఆగి చూస్తే, గడ్డం ఒంటికి ఆనించి గొంతు కదిలిస్తూ తాగడం కనిపిస్తుంది. కింది గిన్నెతో పాటు కొమ్మ ఎత్తులో ఇంకో చిన్న గిన్నె కట్టడం మంచిది.

తేమ 60 నుంచి 80 శాతం మధ్య ఉండాలి, కానీ పొద్దున్నకల్లా ఆకులు ఆరిపోవాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో తేమ తేవడం కష్టం కాదు, గాలి ఆడేలా చూసుకోవడమే అవసరం. అమెరికా చలికాలపు ఇళ్ళలో హీటింగ్ గాలి తేమనంతా లాగేస్తుంది, అక్కడ పెట్టె పైజాలీలో సగం మూసి రోజుకు రెండుసార్లు చల్లాల్సి రావచ్చు. కుబుసం మూతి నుంచి తోక చివరిదాకా ఒకే పొరగా ఊడితే తేమ సరిపోయినట్టు. ముక్కలుగా ఊడితే కంటిపొరలు కుబుసంతో వచ్చాయో లేదో చూడాలి. మిగిలిపోయిన కంటిపొరను గోటితో లాగకుండా, తేమ పెంచి వచ్చే కుబుసం దాకా ఆగడమే మంచిది. నోరు తెరిచి ఊపిరి తీయడం, బుడగలు, గురక, తల ఆకాశం వైపు ఎత్తి ఉంచడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, అదే రోజు డాక్టరును సంప్రదించాలి.

క్వారంటైన్, ఆ తర్వాత

ఇంట్లో వేరే పాములుంటే కొత్తదాన్ని మూడు నెలలు వేరే గదిలో, వేరే పట్టకారుతో, వేరే గిన్నెలతో ఉంచాలి. రోజూ పాతవాటి పని ముగించాకే దీని దగ్గరికి వెళ్ళాలి. నీటి గిన్నెలో మునిగిన నల్లటి చుక్కలు, కంటి అంచుల్లో కదిలే చుక్కలు కనబడితే అవి పేలు. బోవాల్లో వచ్చే ఇంక్లూజన్ బాడీ డిసీజ్ అనే ప్రాణాంతకమైన జబ్బుకు రెప్టారెనావైరస్‌లు కారణం. ఆరోగ్యంగా కనిపించే పాము కూడా ఆ వైరస్‌ను మోయగలదు కనుక ఇతర బోవాలు, కొండచిలువలు ఉన్నవారు రక్తపరీక్ష చేయించడం మేలు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గిన్నెలను వంటింటి సింకులో కడగకూడదు. అయిదేళ్ళలోపు పిల్లలకు, వృద్ధులకు పాముల నుంచి అంటే సాల్మొనెల్లా బాక్టీరియా వల్ల ఎక్కువ ముప్పు.

ఈ జాతి కొరకడానికి వెనుకాడదు. విషం లేదు కానీ ముందు పళ్ళు పొడవు, గాట్లు లోతు. చేతికి కాటు పడితే వెనక్కి లాగకుండా అది వదిలేదాకా ఆగి, సబ్బునీళ్ళతో బాగా కడగాలి. చేతిలోకి తీసుకుని ఆడించే పాము కావాలనుకునేవారికి ఇది తగిన పాము కాదని చెప్పక తప్పదు. తప్పనిసరైనప్పుడు పగటిపూట, హుక్‌తో (పాములను తీసే కొక్కెపు కర్రతో) ముందు ఒంటిని తాకి, కొమ్మతో సహా తీయాలి.

వరసగా నాలుగైదు పూటలు తిని నిలుపుకుని, ఒకసారైనా పూర్తి కుబుసం విడిచి, మలపరీక్షలో పురుగులు లేవని తేలాక శాశ్వతమైన పెట్టెకు మార్చవచ్చు. అప్పుడు పేపర్ టవల్ స్థానంలో కొబ్బరిపీచు పొడి వేయవచ్చు. దేవదారు పొట్టు మాత్రం వద్దు. మార్చే రోజు కడుపులో తిండి ఉండకూడదు. పాత పెట్టెలో అది ఇష్టపడి పడుకున్న కొమ్మనే, దాని మీద పాము చుట్టుకుని ఉండగానే ఎత్తి, కొత్త పెట్టెలో అదే ఎత్తులో, వేడికి అంతే దూరంలో పెట్టి, మళ్ళీ ఒక వారం తిండి ఆపాలి.